అడవిపందియు, వింటివేటకాని విద్యయు

వేంగీ చాళుక్యుల తామ్రశాసనములను గ్రుచ్చిన వలయపు ముద్రమీద వరాహమున్నది. విజయనగర రాజ్యలాంఛనమునందు ఖడ్గము నెదుట, సూర్యచంద్రుల క్రింద, వరాహమున్నది. ఆ రాజ్యమున చెల్లిన బంగారు నాణెమునకే వరాహమని పేరు. భూమి నుద్ధరించిన ఆదివరాహమూర్తి కథ భూమి నేలువారికి సహజముగనే ప్రియమైనది కావున, తెలుగుదేశమున దాదాపు వేయేండ్లపాటు ఈ జంతువు రాజముద్రయై, ధ్వజమై, ధనమై వెలసినది. అయితే కోటగోడ దాటి రెండు క్రోసులు నడచి అడవిలో కాలు పెట్టినచో, అదే జంతువు మఱియొక మనుష్యునికి మఱియొక విధముగా తెలిసియుండెను. అతనికి శాసనములు లేవు, ముద్రలు లేవు. వెదురువిల్లును, నాలుగైదమ్ములును, తాతనాటినుండి వచ్చిన ఎఱుకయు మాత్రమే ఉండెను. రాజముద్రమీది వరాహమును గూర్చి మన చరిత్రకారులు విస్తారముగా వ్రాసిరి. విల్లు చేతబట్టి దాని వెంట తిరిగిన మనుష్యుని గూర్చియు, అతడు ఆ మృగముయొక్క భయమును చదువ నేర్చిన తీరును గూర్చియు వ్రాసినది స్వల్పము. ఆ కొఱతను కొంత తీర్చుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ సంబంధము మిక్కిలి ప్రాచీనమైనది. కర్నూలు సీమలో బేతంచెర్లకు సమీపముననున్న బిల్లసర్గం గుహలను 1884 ప్రాంతమున రాబర్టు బ్రూస్ ఫుట్టును, ఆయన కుమారుడును త్రవ్వించినప్పుడు బయటపడిన జంతువుల ఎముకలలో అడవిపంది ఎముకలు కూడ నున్నవి. మధ్యప్రదేశమునందలి భీంబేట్కా శిలాశ్రయములలో ఆదిమానవుడు చిత్రించిన మృగములలో వరాహమునకు ప్రముఖస్థానమున్నది. విల్లు మాత్రము మనకు దొరకదు. వెదురును, నారయు, నరమును మన్నులో నిలువవు. అమ్ముల కొనలకు అతికింపబడినవని పండితులు భావించు చిన్నచిన్న రాతిపెచ్చులు మాత్రమే మిగిలినవి. అందుచేత మన దేశమున విల్లు ఎట్లుండెడిదో తెలిసికొనవలెనన్న మొదట గ్రంథములనే ఆశ్రయింపవలసియున్నది.

కౌటిల్యుని అర్థశాస్త్రమున ఆయుధాగారాధ్యక్ష ప్రకరణమునందు తాటిచేవతోను, వెదురుతోను, కఱ్ఱతోను, కొమ్ముతోను చేయు నాలుగు విధములైన విండ్లు పేర్కొనబడినవి. అల్లెత్రాటికి మూర్వ, జిల్లేడు, జనుము, వెదురు, నరము మొదలైనవి చెప్పబడినవి. వీనిలో వెదురువిల్లును వెదురునారియు మధ్యభారతపు భిల్లులలో మొన్నమొన్నటివఱకు నిలిచియుండుట గమనింపదగినది. దాదాపు రెండువేల యేండ్లనాటి రాజనీతిగ్రంథములోని మాటయు, కొండకోనలయందలి నిరక్షరుని చేతిపనియు ఇట్లు కలిసికొనుట చూడగా, రాజుల ఆయుధాగారములకంటె అడవులే ఈ విద్యను శ్రద్ధగా కాపాడినవని నాకు తోచుచున్నది.

అదే గ్రంథమున పురుషవ్యసనములను విచారించుచు, వేట చెడ్డదా, జూదము చెడ్డదాయని ప్రశ్న వచ్చినప్పుడు కౌటిల్యుడు వేటవలన గలుగు మేలులను లెక్కించెను. దేహమునకు వ్యాయామము, కఫపిత్తమేదస్సుల నాశము, నిలిచియున్న గుఱిని, కదలుచున్న గుఱిని కొట్టు నభ్యాసము, వీనితోపాటు కోపమునందును భయమునందును మృగముల చిత్తము నెఱుగుట. కాళిదాసు శాకుంతలమునందు సేనాపతిచేత పలికించిన వేటప్రశంసలో కూడ ఈ తుదిమాట యున్నది. మనువు మృగయను కామజవ్యసనములలో మొదటిదిగా లెక్కించెను. అది రాజ్యపాలన మఱచి వేటలో మునిగిన రాజునకు చెప్పిన హెచ్చరిక. కడుపుకొఱకు వేటాడినవానికి ఆ నింద చెల్లదు. కౌటిల్యుడు చెప్పిన ఆ చిత్తజ్ఞానమను మేలు మాత్రము రాజునకంటె వానికే ఎక్కువగా వర్తించును. మేదస్సు తగ్గించుకొన నక్కఱలేని ఆ బక్కమనుష్యునికి మృగచిత్తజ్ఞానమే కూడు పెట్టెను. అడవిపంది విషయమున ఆ జ్ఞానమెంత సూక్ష్మముగా నుండవలెనో చెప్పవలెనన్న, ముందుగా ఆ జంతువు స్వభావమును వివరింపవలెను.

అడవిపందికి చూపు మందము. ఆ లోపమును ముక్కును చెవియు మించి పూరించుచున్నవి. భూమిలో జానెడు లోతుననున్న దుంపను అది వాసనచేతనే కనిపెట్టి ముట్టెతో పెల్లగింపగలదు. గాలి తనవైపు వీచుచున్నచో, చెట్టుచాటున నున్న మనుష్యుని, అతడు కంటబడుటకు చాల ముందుగనే, గుర్తింపగలదు. ఎండుటాకు నలిగిన చప్పుడు దానికి చాలును. ఎదుట కదలక నిలిచినవానిని చెట్టుమోడని భ్రమించి పదియడుగుల దూరమునకు వచ్చినను రావచ్చును. చేయి కదల్చినంతనే మాయమగును. కావున వేటగాడు తన దేహమును దాచుకొనుటకంటె తన వాసనను, చప్పుడును, కదలికను దాచుకొనవలెను. ఈ మూటిలో వాసనయే ప్రధానము. చప్పుడు విన్న పంది ఒక్కొక్కప్పుడు నిలిచి ఆలోచించును గాని, మనుష్యగంధము సోకిన పంది ఆలోచింపదు.

పెంటిపందులును పిల్లలును మందగా తిరుగును. మందకు వయసుమీఱిన పెంటియే పెద్ద. ఎదిగిన మగపంది ఒంటరిగానుండి, ఎదకాలమున మాత్రమే మందను చేరును. మన కవులు ఏకలమని పిలిచినది దీనినే. గర్భము దాదాపు 115 దినములు. ఈనుటకు ముందు పెంటి గడ్డిని కోసి ప్రోగుచేసి గూడువంటి పొదరింటిని కట్టుకొనును. పిల్లల దేహముమీద తలనుండి తోకవైపునకు పొడవుగా చారలుండును. తల్లి బెదరి సంకేతము చేసినంతనే అవి ఎక్కడివక్కడ గడ్డిలో అణగిపోగా, ఆ చారలు ఎండనీడల గీతలలో కలిసిపోవును.

ప్రొద్దుగ్రుంకు వేళ మంద మేతకు బయలువెడలు తీరును చూచిన పెద్దలు చెప్పు మాటలు వినదగినవి. అడవి అంచునకు వచ్చిన పెద్దపెంటి వెంటనే బయలులోనికి అడుగుపెట్టదు. పొదలోనే నిలిచి ముట్టె నెత్తి గాలిని పీల్చును. చెవులను ముందునకును వెనుకకును త్రిప్పును. వెనుకనున్న మంద శిలవలె నిలిచిపోవును. ఈ నిలుకడ ఎంతసేపుండునో చెప్పలేము. ఓర్పులేని వేటగాడు ఇక్కడనే ఓడిపోవును. అనుమానము తీఱినచో అది రెండడుగులు ముందునకు వచ్చి మరల నిలుచును. అనుమానము తీఱనిచో వెన్నుమీది వెండ్రుకలు నిక్కించి, ముక్కుతో బుస్సుమని ఒక్క ధ్వని చేయును. ఆ ధ్వని వెలువడిన మఱుక్షణమున మందలో ఒక్కటియు కనబడదు. దేనివలన భయము కలిగెనో మందలోని తక్కిన పందులకు తెలియదు, తెలిసికొన నాగవు. ఒక్కదాని భయము అన్నిటి భయమగుటయే వాని రక్ష. పది ముక్కులును, ఇరువది చెవులునుగల ఒకే ప్రాణిని వేటాడుచున్నానని వేటగాడు తలంపవలెను.

ఇంతటి జాగరూకతయందును ఒక సందు కలదు. మేతలో పడిన మంద సద్దుచేయును. దుంపలు కొఱుకుచు, కాయలు నమలుచు, ఒకదానినొకటి త్రోసికొనుచు, గుఱ్ఱుమనుచు అవి చేయు రొద వాని చెవులనే కప్పివేయును. అనుభవశాలియైన వింటికాడు ఆ రొద సాగుచున్నంతసేపే అడుగు వేయును. రొద ఆగినంతనే, కాలు గాలిలోనున్నను, అట్లే నిలిచిపోవును. ఎదురుగాలికి నడచుట, రొదలో కదలుట, నిశ్శబ్దములో నిలుచుట అను నీ మూడును తెలిసినవాడు మందను సమీపింపగలడు. ఇది చెప్పుట సులభము. ఏండ్లతరబడి పెద్దల వెనుక నడచిన బాలునికిగాని ఇది కాళ్లకు పట్టదు.

అడవిపంది బెదురును పిఱికితనమని యెంచరాదు. క్రింది కోఱలు పైకోఱలకు రాచుకొని నిత్యము పదునుగా నుండును; తప్పించుకొను త్రోవ మూసికొనిపోయినప్పుడు మగపంది ఎదురుదిరిగి, తల వంచి, క్రిందినుండి పైకి చీల్చును. పులితో పోరాడి పులిని చంపిన పందులును గలవు. అంతటి బలముండియు అది మనుష్యుని గాలి సోకినంతనే తొలగిపోవుట దాని వివేకము. ఒకమాఱు బెదరిన తావునకు చాలకాలము రాదు. వేట యెక్కువైన అడవిలో పగటి తిరుగుడు మాని రాత్రి తిరుగుడు నలవఱచుకొనును. మనుష్యుడు దానిని చదువ నేర్చినట్లే అదియును మనుష్యుని చదువ నేర్చెనని చెప్పుట అతిశయోక్తి కాదు.

కావున వింటివేటలో అధికభాగము జాడలు చూచుటతోనే గడచును. ముట్టెతో త్రవ్విన నేల దుక్కిచేసినట్లుండును. పెల్లగింపబడిన మట్టి తడిగానున్నదా, ఆఱినదాయను దానినిబట్టి వేళ తెలియును. డెక్కల గుర్తుల వెనుక ప్రక్కడెక్కలు దిగబడిన గుంటలు మెత్తని నేలలో స్పష్టముగా కనబడును. చెమటద్వారా దేహతాపమును తీర్చుకొనజాలని జంతువగుటచేత వేసవిలో అది బురదగుంటలలో పొర్లును. పిమ్మట దగ్గఱనున్న చెట్టుకు ఒడలు రాచుకొనును. ఆ మానుమీద బురద ఎంత యెత్తున అంటియున్నదో చూచి జంతువు ప్రమాణమును నిర్ణయింతురు. ఫాల్గుణ చైత్రములలో ఇప్పపూవు రాలు చెట్ల క్రింద తెల్లవాఱుజామున పందులు చేరును. వేటగాడు మాటు వేయుటకు బురదగుంట, ఇప్పచెట్టు, మెట్టచేని అంచు అను మూడు తావులు ముఖ్యములు.

మాటు ఏ దిక్కున వేయవలెనన్నది గాలిని బట్టి యుండును. కొండప్రదేశమున సాయంకాలము చల్లబడిన గాలి కొండనుండి లోయకు జారును. ప్రొద్దెక్కినకొలది వేడెక్కి లోయనుండి కొండకు లేచును. ఇది యెఱిగినవాడు సంధ్యవేళ పందిదారికి దిగువనే కూర్చుండునుగాని ఎగువను కూర్చుండడు. పిడికెడు దుమ్ము జారవిడిచి గాలివాటమును చూచుట, చుట్ట వెలిగింపకుండుట, చెట్టుకొమ్మమీద కూర్చుండి తన గాలి జంతువు తలమీదుగా పోవునట్లు చేసికొనుట మొదలైనవన్నియు ఆ ముక్కుయొక్క శక్తిని మన్నించి మనుష్యుడు కల్పించుకొన్న నియమములే.

వెదురువింటితో సూటిగా కొట్టదగిన దూరము ఇరువదడుగులు మొదలు ఇరువది గజములవఱకే యని చెప్పవచ్చును. అంతకు మించినచో రెండు చిక్కులు గలవు. సామాన్యమైన కఱ్ఱవింటినుండి వెడలిన అమ్ము సెకనునకు 40, 50 మీటర్లకంటె వేగముగా పోదు. అల్లెత్రాటి చప్పుడు 340 మీటర్లు పోవును. అనగా ఇరువది మీటర్లలోనున్న పందికి అమ్ము చేరుటకు చాల ముందే చప్పుడు చేరును. ఆ అరక్షణములోనే అది ఒడలు కుదించి కదలును. గుండెకు పెట్టిన గుఱి కడుపునకో వెన్నునకో తగులును. మేత రొదలోనున్న పందిమీదనే అమ్ము విడువవలెననుటకు ఇది మఱియొక హేతువు. రెండవ చిక్కు జంతువు దేహమునందే యున్నది. ఎదిగిన మగపందికి భుజములమీద చర్మము క్రింద మృదులాస్థివంటి దళసరి కవచమొకటి యేర్పడును. తమలోతాము పోరాడునప్పుడు కోఱపోట్లనుండి అది కాపాడును. ఎదురుగా గాని, భుజమునకు నేరుగా గాని కొట్టిన ములికి ఆ కవచమున చిక్కుకొనవచ్చును. కావున జంతువు కొంచె మావలికి తిరిగియున్నప్పుడు, ముంగాలి వెనుక, దిగువగా, వెనుకనుండి ముందునకు పోవునట్లు ఏటవాలుగా కొట్టవలెను.

అమ్ము తగిలిన తరువాత వెంటనే వెంబడింపరాదు. క్రొవ్వును, బురదపూతయు, దట్టమైన తోలును కలిసి గాయమును మూసివేయుటచేత నెత్తుటిజాడ కొద్దిగానే యుండును. తొందరపడి తఱిమినచో జంతువు పొదలోనుండి తిరుగబడును, లేదా దొరకని దూరమునకు పోయి ఎక్కడనో బాధపడి చచ్చును. మంచి వేటగాడు కదలక కూర్చుండి, కొంతకాలము గడచినపిమ్మట తోడువారితోను, కుక్కతోను జాడపట్టి పోవును. గాయపడిన మృగమును వదలిపెట్టుట దోషమనెడి భావము వేటను నమ్ముకొని బ్రదికిన జాతులలో బలముగా నుండినది. అంతటి సంయమము ఆ విద్యలో నిమిడియుండెను గనుకనే దానిని నేను విద్యయని పిలుచుచున్నాను.

మన సాహిత్యమునందలి రెండు గొప్ప వేటకథలలోను మృగము అడవిపందియే యగుట యాదృచ్ఛికము కాదనుకొందును. పొత్తపినాటి బోయరాజు కుమారుడైన తిన్నడు పంది వెంటబడి పోయి పోయి శ్రీకాళహస్తీశ్వరుని సన్నిధిని చేరెను. అతని భక్తిని తమిళమున శేక్కిళారును, తెలుగున ధూర్జటియు పాడిరి. కొండగొఱ్ఱెయో దుప్పియో అయినచో వేటగానిని అంతదూరము, తన ఎల్లలు దాటునంతగా, ఈడ్చుకొనిపోయెడిదా యని ఆలోచింపవలసియున్నది. వేటనెఱిగిన శ్రోతలకు పంది వెంట పరుగనగానే ఆ దూరము, ఆ శ్రమ, ఆ ఏకాగ్రత స్ఫురించియుండును.

రెండవది కిరాతార్జునీయము. మూకాసురుడు వరాహరూపమున అర్జునుని మీదికి రాగా, అర్జునుడును కిరాతవేషముననున్న శివుడును ఏకకాలమున బాణములు విడిచిరి. జంతువు కూలినపిమ్మట, ముందు గుఱిపెట్టినది నేనంటే నేనని ఇరువురికి వాదము పెరిగి యుద్ధమాయెను. భారతములోని ఈ ఘట్టమును నన్నయ అరణ్యపర్వమున తెలిగించెను. శ్రీనాథుడు హరవిలాసమున మరల చెప్పెను. పాశుపతాస్త్రప్రాప్తి యను పరమార్థమును ప్రక్కనుంచి చూచినచో, ఈ వాదము వేటగాండ్ర న్యాయమునకు సంబంధించినది. ఒకడు గుఱిపెట్టిన మృగమును మఱియొకడు కొట్టరాదు. ముందు తగిలిన అమ్మునకే హక్కు. అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ కట్టించిన లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీద ఈ కథ వర్ణచిత్రముగా నున్నది. తల వంచి దూసికొనివచ్చు ఆ వరాహమును చూచినవారికి, దానిని గీసిన చిత్రకారుడు పందిని గుడిలోని శిల్పములలో మాత్రమే కాక అడవిలోను చూచినవాడేయని తోపకమానదు. శ్రీశైల ప్రాకారకుడ్యములమీదను వేటగాండ్రును, మృగములును బారులు తీరియున్నారు.

రాజుల వేట వేఱు. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున వేట రాజవినోదములలో నొకటిగా వివరింపబడినది. అడవిపంది మాంసమును వండు విధానము కూడ అందు కలదు. పెద్దన మనుచరిత్రమున స్వరోచి వేట ప్రసిద్ధము. వలలు, ఉరులు, బల్లెములు, వేటకుక్కల గుంపులు, అడవిని చుట్టుముట్టి కూతలతో తోలు బోయలు అక్కడ కనబడుదురు. అట్టి వేటలో పంది భయమును శాంతింపజేయుట కాక రెచ్చగొట్టి, భయపడినది ఎటు పరుగెత్తునో ముందెఱిగి అక్కడ వలపన్నుదురు. ఈ తెలివియు తక్కువది కాదు. బెదరిన పంది క్రొత్తదారి పట్టదు, అలవాటుపడిన దారినే పోవును. ఆ దారి చూపువాడు మాత్రము బోయయే. రాజు కొట్టిన పంది కావ్యమునకెక్కినది, దారి చూపినవాని పేరు ఎక్కలేదు.

మన్యములో ఈ వేట వ్రతమును, ఉత్సవమును గూడ. విశాఖ మన్యమున చైత్రమాసపు ఇటుకల పండుగలో ఊరి మగవారందఱు విండ్లు, బల్లెములు చేతబట్టి అడవికి పోవుదురు. వట్టిచేతులతో తిరిగివచ్చినవారిని ఆడువారు పరిహసించి పేడనీరు చల్లుదురు. గోదావరి తీరపు కోయలలో విత్తనములు నేలలో పడుటకు ముందు జరుగు భూమిపండుగలోను వేట యంగమే. వేసవిలో వచ్చు ఈ వేటలు, తొలకరికి ముందు పంటచేల చుట్టు పందులను కొంత తొలగించుటకు గూడ తోడ్పడెనని గ్రహింపవచ్చును. వేటాడిన మాంసము ఒక్కని సొత్తు కాదు, ఊరంతయు పంచుకొనును.

నల్లమల చెంచుల మాట ప్రత్యేకముగా చెప్పవలెను. 1940లో అమ్రాబాదు పీఠభూమిమీద వారి నడుమ నివసించి, 1943లో వారినిగూర్చి గ్రంథము ప్రకటించిన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫు పండితుడు, వెదురువిల్లు చెంచువాని నిత్యసహచరమనియు, అయినను వారి జీవనమునకు ప్రధానాధారము దుంపలు, పండ్లు మొదలైన సేకరణమేయనియు తెలిపెను. చెంచులు త్రవ్వుకొను దుంపలే పందులును త్రవ్వుకొనును. ఒకే అడవిలో ఒకే యాహారమునకై వెదకు రెండు ప్రాణులు ఒకదాని నడవడి నొకటి క్షుణ్ణముగా నెఱుగుటలో వింత లేదు. పంది పెల్లగించిన తావు చూచి దుంపతీగె నెఱుగవచ్చును. దుంపతీగె చూచి పంది వచ్చు తావు నెఱుగవచ్చును.

వింటివేటగాండ్ర లోకమునకు గట్టిదెబ్బ 1882 నాటి మద్రాసు అటవీచట్టముతో తగిలినది. రిజర్వు అడవులయందు పోడు, మేపు, వేట, కట్టె అన్నియు అనుమతికి లోబడినవి. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గూడెం మన్యము లేచుటకు గల కారణములలో ఈ అటవీనిర్బంధములు ముఖ్యములు. తెల్లదొరలకు మాత్రము పందివేట గుఱ్ఱముమీద బల్లెముతో ఆడు ఆట. బేడెన్ పవెల్ దానిమీద 1889లో ఒక గ్రంథమే వ్రాసెను. తుపాకి వచ్చినపిమ్మట దూరము పెరిగినది. దూరము పెరుగగా గాలివాటము, రొద, నిలుకడ అను పాఠముల యవసరము తగ్గినది. తుదకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము అడవిపందిని గూడ రక్షితమృగముగా చేసినది. వింటితోనైనను, వలతోనైనను, దానిని వేటాడుట నేడు నేరము. పంటలకు హాని మిక్కుటమైనప్పుడు మాత్రము అధికారుల ప్రత్యేకానుజ్ఞతో తొలగింపవచ్చును. ఈ నిషేధము న్యాయమైనదేయని నా యభిప్రాయము. అడవి తఱిగి, పులికి ఆహారము తఱిగిన కాలమున పాతవేటను పునరుద్ధరింపవలెనని కోరుట అవివేకము.

అయినను నేడు జరుగుచున్నదేమి? మొక్కజొన్న, వేరుసెనగ, వరి చేలు రాత్రికి రాత్రి ధ్వంసమగుట చూచి గుండె చెదరిన రైతు చేను చుట్టు కరెంటు తీగ లాగుచున్నాడు. మాంసమునకు ఆశపడినవాడు ఉచ్చులు పన్నుచున్నాడు, ఎరలో నాటుబాంబు దాచుచున్నాడు. తీగకు పంది యేదో, పులి యేదో, పొరుగురైతు ఎవరో తెలియదు. ఎద్దులును, చిఱుతలును, తెల్లవాఱి చేనికి పోయిన మనుష్యులును ఆ తీగలమీద చచ్చుచున్నారు. విల్లు పట్టినవాడు చంపుటకు ముందు తెలిసికొనవలసియుండెను. తీగ కట్టినవానికి తెలిసికొనవలసినదేమియు లేదు. ఈ భేదము చిన్నది కాదు.

ప్రాతవిద్యలోని సారము పంటరక్షణకు ఇప్పటికిని పనికివచ్చును. చేని చుట్టు ముండ్లు గల కుసుమ పైరు, లేదా పందికి రుచింపని ఆముదము వేయుట, నేలమీద మంగలిదుకాణపు వెండ్రుకలు చల్లి ముట్టెతో వెదకు జంతువు ముక్కును బాధించి మరలించుట మొదలైన ఉపాయములను వ్యవసాయశాస్త్రజ్ఞులు రైతులకు చెప్పుచున్నారు. ఇవన్నియు అడవిపంది కంటితో కాక ముక్కుతో బ్రదుకుననెడి పాతసత్యముమీద నిలిచినవే. ఒకే చప్పుడు ప్రతిరాత్రి చేసినచో పంది దానికి అలవాటుపడి బెదరుట మానునని మంచెమీద కాపున్న వృద్ధుడెవడైనను చెప్పును. నాగార్జునసాగర్, శ్రీశైలము పులుల అభయారణ్యమున నేడు చెంచుయువకులు పలువురు జాడలు చూచి మృగములను కాపాడు ఉద్యోగములలోనున్నారు. తాతలు అమ్ము విడుచుటకు నేర్చిన చూపు మనుమలకు రక్షణకై యుపయోగపడుచున్నది.

అయితే ఆ తాతలు అల్పసంఖ్యాకులైరి. పాడేరు, భద్రాచలము, అమ్రాబాదు ప్రాంతములలో బాల్యమున విల్లు పట్టి పెద్దల వెనుక నడచినవారు కొలదిమందియే మిగిలియున్నారు. గాలి నెట్లు చూచెడివారో, మంద నిలుకడ నెట్లు గుర్తించెడివారో, ఏ నెలలో ఏ చెట్టు క్రింద కాచెడివారో వారి నోటనే విని, వారి మాటలలోనే వ్రాసికొనవలెను. విశ్వవిద్యాలయములలో చరిత్రయు, జంతుశాస్త్రమును చదువు మన యువకులు ఈ పనికి పూనుకొనవలెనని ప్రార్థించుచున్నాను. చేలచుట్టు తీగలు కట్టిన రైతుసోదరులు వానిని ఈ పంటకే తీసివేసి, తమ ఊరి మంచెకాపరిని ఒకమాఱు అడిగి చూడవలెనని వేడుచున్నాను.